నెట్ అసెస్‌మెంట్ నిల్: ఒక హవల్దారు డిసెబిలిటీ పెన్షన్ కేసు

ముందే చెప్పేస్తున్నా, నేను వకీలుని కాదు. ఆర్మీలో క్లర్కుగా చేరి, హెడ్ క్లర్కుగా చేసి, 28 ఏళ్ళు కాగితాలతోనే కాపురం చేసి సుబేదారుగా పెన్షన్ వచ్చినవాడిని. పదేళ్ళ నుంచి మన తెలుగు మాజీ సైనికుల డిసెబిలిటీ ఫైళ్ళు చూస్తున్నా. ఫైలు తయారు చేసేది నేను, సాయుధ దళాల ట్రిబ్యునల్లో నిలబడి వాదించేది వకీలు గారు. ఈ కేసు ఒక ఆర్టిలరీ హవల్దారుది. అతను ఒప్పుకున్న మీదటే రాస్తున్నా, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఊరు, రెజిమెంట్, ఆస్పత్రి అడగకండి.

అతను నా దగ్గరికి వచ్చింది 2022 అక్టోబరులో. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో డిసెబిలిటీ పెన్షన్ ఇవ్వం అని జవాన్ల సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "నిలబడే ఉంటాను సాబ్, కూర్చుంటే లేవడానికి టైం పడుతుంది" అన్నాడు. అప్పుడే అర్థమైంది నడుం సంగతని.

1998 మార్చిలో చేరాడు. 2022 మార్చి 31న 24 ఏళ్ళ సర్వీసు పూర్తి చేసి బయటికొచ్చాడు. హవల్దారుకి ఇంకో రెండేళ్ళ ఎక్స్‌టెన్షన్ ఉంటుంది కానీ మెడికల్ కేటగిరీ డౌన్ అయి ఉండటంతో అది రాలేదు. ఇంటికొచ్చే ముందు అందరికీ చేసినట్టే ఇతనికీ 2021 నవంబరులో రిలీజ్ మెడికల్ బోర్డు చేశారు. ఆ బోర్డు కాగితాల్ని ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అంటారు. మన వాళ్ళు చాలామంది డిస్‌చార్జి బుక్కుని దేవుడి పటం పక్కన పెట్టుకుంటారు గానీ ఈ 16 నంబరు ఫారం ఎక్కడుందో కూడా తెలీదు. నన్నడిగితే దాచుకోవాల్సింది ముందు దీన్నే.

అతని ఫారంలో రెండు జబ్బులు రాశారు. ఒకటి నడుములో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారడం, 20 శాతం. రెండోది బీపీ, అంటే ప్రైమరీ హైపర్‌టెన్షన్, 30 శాతం. రెండూ కలిపి కాంపోజిట్ 40 శాతం (ఇది ఊరికే కూడిక కాదు), జీవితాంతం. ఇక్కడిదాకా చదివి అతను సంతోషించాడట, 40 శాతం అంటే పెన్షన్ వచ్చినట్టే కదా అని. దాని కింద ఇంకో గడి ఉంటుంది, పెన్షన్‌కి అర్హమైన నెట్ అసెస్‌మెంట్ అని. అందులో 'నిల్'.

ఎందుకు నిల్ అంటే, బోర్డు ప్రతి జబ్బుకీ మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి. సర్వీసు వల్లే వచ్చిందా, సర్వీసు వల్ల పెరిగిందా, లేక సర్వీసుతో సంబంధమే లేదా. మొదటి రెండింటికీ కాదు అని రాస్తే దాన్నే మన వాళ్ళు ఇంగ్లిషు పొడి అక్షరాల్లో 'నానా' (నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్) అంటారు. నిజంగానే మనిషిని నానా తిప్పలు పెట్టే మాట అది. శాతం ఎంతున్నా సరే, నానా అని పడితే నెట్ సున్నా. డిసెబిలిటీ ఎలిమెంట్, అంటే జబ్బుకి పెన్షన్ మీద అదనంగా ఇచ్చే భాగం, రావాలంటే రెండూ కావాలి: 20 శాతానికి తగ్గకుండా ఉండాలి, సర్వీసుతో సంబంధం ఉందని తేలాలి. వీటిల్లో ట్రిబ్యునల్ ఎక్కువగా చెయ్యి పెట్టేది రెండో దాంట్లో. శాతం అనేది డాక్టర్ల లెక్క, దాన్ని మార్చమంటే సాధారణంగా మార్చరు. మా 15 శాతాన్ని 20 చేయించండి అని వచ్చేవాళ్ళకి నేను మొహమాటం లేకుండా చెప్పేస్తా, పూర్తి సర్వీసు చేసి రిటైరైతే కష్టమని. 2019లో ఎస్.పి. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే తేల్చింది. మధ్యలోనే అన్‌ఫిట్ చేసి ఇన్వాలిడ్ అవుట్‌గా పంపేస్తే కథ వేరు. 2014లో సుఖ్విందర్ సింగ్ తీర్పు ప్రకారం, పంపేయాల్సినంత జబ్బు అయినప్పుడు అది 20 శాతం పైనే ఉన్నట్టు లెక్క.

మళ్ళీ మన హవల్దారు దగ్గరికొద్దాం. నడుం గురించి బోర్డు రాసిన కారణం ఒకటే వాక్యం. జబ్బు మామూలు కంటోన్మెంటులో, అంటే పీస్ స్టేషన్‌లో ఉండగా బయటపడింది, ఫీల్డ్ (సరిహద్దు, ఆపరేషన్ ప్రాంతాల) సర్వీసుతో దగ్గరి కాల సంబంధం లేదు, కాబట్టి నానా. బీపీకీ అదే వాక్యం, దాని పక్కన బరువు ఎక్కువున్నాడని అదనంగా ఒక ముక్క.

ఆ గడిలో చేతిరాత

నేను ఏ ఫైలు వచ్చినా బోర్డు అభిప్రాయం కంటే ముందు పర్సనల్ స్టేట్‌మెంట్ చదువుతాను. జవాను తన మాటల్లో చెప్పుకోవాల్సిన భాగం అది. ఏ ఏ చోట్ల పనిచేశావు, చేరకముందు ఈ జబ్బు ఉందా, సర్వీసులో ఏ సంఘటన వల్ల లేదా ఏ పరిస్థితుల వల్ల వచ్చిందని నువ్వనుకుంటున్నావు. ఫారం మొత్తంలో జవాను నోరు విప్పగలిగేది ఆ ఒక్కచోటే.

ఇతని ఫారంలో ఆ సంఘటన గడిలో పెద్ద అక్షరాల్లో 'నిల్' అని ఉంది. రాసింది నల్ల ఇంకుతో, వాలుగా, చకచకా రాసే అలవాటున్న చెయ్యి. కింద సంతకం నీలం ఇంకుతో, ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టింది. రెండు పెన్నులు, రెండు చేతులు.

"ఇది నువ్వు రాశావా తమ్ముడూ?"

"లేదు సాబ్, ఆఫీసులో బాబు రాశాడు. సంతకం పెట్టు, బోర్డుకి టైమవుతోంది అన్నాడు."

నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ వాలు రాత నాకు బాగా తెలుసు. ఆ క్లర్కు ఎవరో తెలుసని కాదు, నేనూ అలాగే రాసేవాణ్ణి. నెలాఖరుకి ఎనిమిది మంది పెన్షన్ వెళ్ళేవాళ్ళుంటే, ఎనిమిది ఫారాలు బల్ల మీద పరుచుకుని, సంఘటన గడిలో వరసగా నిల్ కొట్టుకుంటూ పోయిన రోజులున్నాయి. కుట్రేమీ లేదు. జవానుని కూర్చోబెట్టి 24 ఏళ్ళ కథ అడిగితే గంట పడుతుంది, నిల్ అంటే రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లతో మనిషికి ఎంత పోతుందో అప్పట్లో నాకు తెలీదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

ఇక అసలు ఏం జరిగిందో అడిగాను. సిగ్గుపడుతూ చెప్పాడు. మన వాళ్ళకి నొప్పి గురించి మాట్లాడటమంటే అదేదో తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది.

2014 జనవరి. 13 వేల అడుగుల పైన ఒక పోస్టులో ఓపీ పార్టీతో (ముందుండి శత్రువుని గమనించే జట్టుతో) ఉన్నాడు. చలి కాచుకునే బుఖారీ పొయ్యికి కిరోసిన్ అయిపోతే కిందికి దిగి 20 లీటర్ల జెర్రీక్యాన్ వీపుకి కట్టుకుని ఎక్కుతున్నాడు. గట్టిపడ్డ మంచు మీద కాలు జారి వెనక్కి పడ్డాడు, జెర్రీక్యాన్ నడుం కింద ఇరుక్కుంది. ఇద్దరు కుర్రాళ్ళు పైకి మోసుకెళ్ళారు. పోస్టులో ఉన్న నర్సింగ్ అసిస్టెంట్ ఇంజెక్షన్ పొడిచి, బ్రూఫెన్ ఇచ్చి, నాలుగు రోజులు పడుకోబెట్టాడు. దారి మూసుకుపోయింది, కిందున్న డాక్టరు దాకా వెళ్ళే వీల్లేదు. తర్వాత నొప్పి తగ్గింది, అంటే పూర్తిగా తగ్గలా, ఓర్చుకునేంతకి వచ్చింది.

"మరి కిందికి దిగాక ఇంజురీ రిపోర్ట్ రాయించలేదా?"

"ఎలా రాయిస్తాను సాబ్? ప్రమోషన్ కేడర్ దగ్గరకొచ్చింది. మెడికల్ డౌన్ అయితే హవల్దార్ పోతుంది కదా."

ఇదీ అసలు చిక్కు. మెడికల్ కేటగిరీ పూర్తి ఫిట్ అనే షేప్-1 నుంచి కిందికి పడితే కోర్సులు, ప్రమోషను, మంచి పోస్టింగు అన్నీ ప్రశ్నార్థకమే. అందుకని జవాను దాస్తాడు. దాచిన ఆ రెండేళ్ళే తర్వాత బోర్డు చేతిలో ఆయుధం: అంత దెబ్బ తగిలితే అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఇతను 2015లో హవల్దారయ్యాడు. 2016 ఆగస్టులో పీస్ స్టేషన్‌లో పొద్దున్న పీటీలో వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆస్పత్రి, ఎమ్మారై, 24 వారాలు టెంపరరీ కేటగిరీ, ఆ తర్వాత పర్మనెంట్. కాగితం మీద మాత్రం జబ్బు పుట్టిన ఊరు పీస్ స్టేషన్, పుట్టిన తేదీ 2016 ఆగస్టు.

ట్రంకు పెట్టె

పోస్టులో నర్సింగ్ అసిస్టెంట్ రాసిన రిజిస్టరు ఎప్పుడో నాశనం చేసి ఉంటారు, అలాంటి వాటికి గడువు దాటాక బోర్డు కూర్చుని కాల్చేస్తారు. ఇంజురీ రిపోర్ట్, అదే ఐఏఎఫ్‌వై-2006 ఫారం, అసలు పుట్టనే లేదు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ లేదు. మామూలుగా చూస్తే ఫైలు ఖాళీ.

నేను రెండు పనులు చెప్పాను. ఒకటి, సమాచార హక్కు చట్టం కింద రికార్డ్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టి తన మెడికల్ డాక్యుమెంట్లన్నీ, సర్వీసు వివరాలుండే షీట్ రోల్‌తో సహా, నకళ్ళు తెప్పించుకోవడం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండోది, ఇంటికెళ్ళి నల్ల ట్రంకు బోర్లించి దులపడం. నవ్వాడు. నవ్వొద్దు, కాగితం పారేయలేని అలవాటు ఉన్న జవాను ట్రంకులో ఏముంటుందో రికార్డ్ ఆఫీసుకి కూడా తెలీదు.

వారం తర్వాత ఫోన్. ఎమ్మారై ఫిల్ము కవరు దొరికింది, దానికి పిన్ను కొట్టి ఒక ఓపీడీ చీటీ ఉంది. వాట్సాప్‌లో ఫొటో పంపాడు. పిన్ను చుట్టూ తుప్పు మరక, కాగితం మడతల దగ్గర పలచబడి వెలుతురు కనిపిస్తోంది. 2016లో ఎముకల డాక్టరు చేతిరాత. పూర్వ చరిత్ర అన్నచోట ఒక వరస: రెండున్నరేళ్ళ క్రితం ఎత్తయిన ప్రాంతంలో మంచు మీద జారి పడ్డాడు, అప్పటి నుంచి విడతలు విడతలుగా నడుం నొప్పి.

ఈ ఒక్క వరస విలువ ఏంటంటే, 2016లో ఆ మాట చెప్పినప్పుడు ఇతనికి పెన్షన్ ఆలోచనే లేదు. డాక్టరు అడిగాడు, చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. ఇప్పుడు పెన్షన్ కోసం అల్లిన కథ అనడానికి వీల్లేదు. ఆర్టీఐలో వచ్చిన స్పెషలిస్టు ఒపీనియన్‌లో కూడా అదే మాట కుదించి ఉంది. అంటే రిలీజ్ బోర్డు కూర్చున్నప్పుడు ఆ కాగితం వాళ్ళ ముందు ఫైల్లోనే ఉంది, ఎవరూ వెనక్కి తిప్పి చూడలేదు. పక్కన పర్సనల్ స్టేట్‌మెంట్‌లో నిల్ అని ఉంటే ఎవరు మాత్రం తిప్పుతారు?

షీట్ రోల్‌లో పోస్టింగ్ తేదీలు దొరికాయి, 2014 జనవరిలో అతను ఆ ప్రాంతంలోనే ఉన్నాడని రుజువు. మోసుకెళ్ళిన ఇద్దరిలో ఒకాయన యూనిట్ మాజీల వాట్సాప్ గ్రూపులో దొరికాడు, నోటరీ అఫిడవిట్ ఇచ్చాడు. అఫిడవిట్ ఒక్కటే ఉంటే పెద్ద బరువుండదు, స్నేహితుడు స్నేహితుడికి రాసిచ్చాడంటారు. ఓపీడీ చీటీ పక్కన పెడితే మాత్రం రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి.

ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి

ఇక్కడ హవల్దారుకీ నాకూ కొంచెం వాదన జరిగింది. అతనికి బీపీ మీదే పట్టుదల, ఎందుకంటే దానికి 30 శాతం, నడుముకి 20 శాతమే. పెద్ద అంకె వదిలేస్తామా అంటాడు. నేను చెప్పిన లెక్క ఇది.

2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తరం ప్రకారం శాతాన్ని పైకి సర్దుతారు: 50 లోపుంటే 50 కింద, 50 నుంచి 75 దాకా 75 కింద, 76 నుంచి పైన 100 కింద. ఆ ఉత్తరం ఇన్వాలిడ్ అవుట్ అయిన వాళ్ళకే అన్నారు, 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు పూర్తి సర్వీసు చేసి రిటైరైన వాళ్ళకీ వర్తిస్తుందని తేల్చింది. కాబట్టి నడుం ఒక్కటే గెలిచి 20 శాతం వచ్చినా 50 అవుతుంది. రెండూ గెలిచి 40 వచ్చినా 50 అవుతుంది. చేతికొచ్చే డబ్బు ఒకటే. డిసెబిలిటీ ఎలిమెంట్ 100 శాతానికి చివరి జీతంలో 30 శాతం, 50 శాతానికి అందులో సగం. లెక్క సులువు కోసం చివరి జీతం 50,000 అనుకోండి, నెలకి 7,500, దాని మీద డీఆర్ (కరువు భృతి). సర్వీస్ పెన్షన్‌కి ఇది అదనం.

అలాంటప్పుడు బలమున్న దాన్ని ముందుపెట్టాలి. బీపీ సంగతి చూస్తే, మెడికల్ ఆఫీసర్ల గైడ్‌లో 43వ పేరా ఉంది. ఫీల్డ్‌లో, తీవ్రవాద వ్యతిరేక ఆపరేషన్లలో, ఎత్తయిన ప్రాంతంలో ఉండగా మొదలైతే సర్వీసు వల్ల పెరిగినట్టు ఒప్పుకుంటారు. ఇతనికి బీపీ తేలింది 2018లో, అప్పటికి ఫీల్డు వదిలి చాలాకాలమైంది. పీస్‌లో ఉన్నాడు అన్న ఒక్క కారణం సరిపోదు, బోర్డు అసలు కారణాలు రాయాలి అని 2025లో ఢిల్లీ హైకోర్టు గట్టిగానే చెప్పింది కానీ మేం ఫైలు కట్టే నాటికి ఆ తీర్పు లేదు, పైగా బరువు ఎక్కువ అన్న ముక్క అడ్డం. అందుకని బీపీని కూడా అడిగాం, రెండు పేరాల్లో. మిగతా అప్పీలంతా నడుమే. చాలామంది ఉన్న జబ్బులన్నీ ఒకే బరువుతో రాస్తారు, బలహీనమైన దాన్ని పట్టుకుని అవతలివాళ్ళు బలమైన దాన్ని కూడా లాగేస్తారు.

చట్టం వైపు మా వెన్నెముక ధరమ్‌వీర్ సింగ్ తీర్పు, 2013 జులై 2. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని తీసుకున్నారు, అప్పటి కాగితాల్లో ఈ జబ్బు గురించి ఏ నోటూ లేదు, కాబట్టి తర్వాత వచ్చిన జబ్బు సర్వీసులో పుట్టినట్టే భావించాలి, కాదనాలంటే బోర్డు కారణాలు చూపాలి, రుజువు భారం జవాను మీద లేదు, అనుమానం ఉంటే దాని లాభం అతనికే. కోర్టు అక్కడ చూసింది 1982 ఎంటైటిల్‌మెంట్ రూల్స్, అంటే జబ్బుకి సర్వీసుతో సంబంధం ఉందో లేదో తేల్చే నిబంధనలు. మన హవల్దారుకి వర్తించేది 2008 రూల్స్, అందులో భాష కొంచెం బిగించారు, సర్వీసులో ఉండగా బయటపడినంత మాత్రాన సర్వీసు వల్లే అనుకోకూడదంటుంది. ట్రిబ్యునళ్ళు అయినా ధరమ్‌వీర్ సింగ్ సూత్రాన్నే ఎక్కువగా పట్టుకుంటున్నాయి. అలాగని దాన్ని మంత్రంలా చదివితే పని జరగదు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, మానసిక జబ్బు విషయంలో, చేరేటప్పుడు కనిపెట్టలేని జబ్బు అని చెప్పి సుప్రీంకోర్టు బోర్డు మాటకే విలువిచ్చింది. నిర్దిష్టమైన సంఘటన, దాని కాగితం ఉంటే తీర్పుల బలం తోడవుతుంది, అవి లేకుండా తీర్పుల జాబితా మాత్రమే పట్టుకెళ్తే గాలిలో దీపం.

2008 రూల్స్‌లో ఇంకొక మాట ఉంది, ఎవరూ చెప్పరు. బయటికొచ్చిన 15 ఏళ్ళ తర్వాత, సర్వీసు కాగితాలు గడువు దాటి నాశనమయ్యాక క్లెయిమ్ పెడితే, రుజువు భారం తిరగబడి మన మీదికొస్తుంది. అప్పటిదాకా "నేను నిరూపించనక్కర్లేదు" అన్న ధైర్యం ఆ రోజు నుంచి ఉండదు.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత రిటైరైన వాళ్ళకి లెక్క వేరు, జబ్బుతోనే సర్వీసులో కొనసాగి రిటైరైన వాళ్ళకి 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అని కొత్త పేరు పెట్టారు. ఈ కేసులో రాసింది వాళ్ళకి యథాతథంగా పనికిరాదు.

అప్పీళ్ళు, ట్రిబ్యునల్

ఈ భాగం త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇందులో ఓపిక తప్ప పెద్ద తెలివేమీ అక్కర్లేదు. తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లోపు ఫస్ట్ అప్పీల్. 2022 నవంబరులో పంపాం. 2023 ఆగస్టులో అది కూడా కొట్టేశారు, పాత వాక్యాన్నే కొంచెం సాగదీసి. ఓపీడీ చీటీ గురించి ఒక్క మాట లేదు. నాకు లోపల సంతోషమేసింది నిజానికి. మన ముఖ్యమైన కాగితానికి జవాబే లేకపోతే ట్రిబ్యునల్లో అదే మన పాయింటు. అక్టోబరులో సెకండ్ అప్పీల్. ఆరు నెలలు గడిచినా జవాబు రాలేదు, జవాబు రాకపోయినా ఆరు నెలల తర్వాత ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చని 2007 నాటి ట్రిబ్యునల్ చట్టమే చెబుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచే దిక్కు. 2024 మధ్యలో అక్కడ ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే కేసు) వేశాం.

గడువు గురించి భయపడి ఇంట్లో కూర్చునేవాళ్ళ కోసం ఒక మాట. పెన్షన్ నెలనెలా పుట్టే హక్కు కాబట్టి ఆలస్యమైనా తలుపు పూర్తిగా మూసుకోదు, కానీ బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళ వరకే, 2008 నాటి తర్సెం సింగ్ తీర్పు. మన హవల్దారు మూడేళ్ళలోపే వేశాడు కాబట్టి 2022 ఏప్రిల్ 1 నుంచీ మొత్తం అడగగలిగాం. పదేళ్ళు ఆలోచించి వచ్చినవాడు ఏడేళ్ళ డబ్బు వదులుకున్నట్టే.

వాదన రోజు ప్రభుత్వ వకీలు అడగాల్సిందే అడిగారు, 2014లో దెబ్బ తగిలితే 2016 దాకా ఎందుకు చెప్పలేదని. మా వకీలు గారు దానికి తడుముకోలేదు. జవాను దాచాడు, ఎందుకు దాచాడో అందరికీ తెలుసు, ప్రమోషన్ పోతుందని. దాచినా ఆ రెండేళ్ళూ డ్యూటీ చేశాడు, బరువులు మోశాడు, పీటీ చేశాడు. దెబ్బ సర్వీసులో తగల్లేదని అనుకున్నా, దెబ్బ తిన్న నడుంతో చేసిన ఆ డ్యూటీ జబ్బుని పెంచలేదని బోర్డు ఎక్కడ రాసింది? నిజాన్ని దాచిపెట్టి ఏదో సాకు చెప్పి ఉంటే అక్కడే కేసు జారిపోయేది అని నా నమ్మకం. నేను మొదట్లో అఫిడవిట్‌లో "డాక్టరు అందుబాటులో లేక" అని మాత్రమే రాద్దామనుకున్నా, వకీలు గారే వద్దని కొట్టేశారు. ఆయన చెప్పిందే రైటు.

2025 మొదట్లో ఆర్డర్ వచ్చింది. నడుం జబ్బు సర్వీసు వల్ల పెరిగినట్టు ఒప్పుకుంటూ 20 శాతం, దాన్ని 50కి సర్ది, జీవితాంతం, రిటైరైన మర్నాటి నుంచి. బీపీ విషయంలో బోర్డు మాటే నిలిచింది. పోతే పోయింది.

ఆర్డర్ రాగానే డబ్బు రాదు, ఇది కూడా ముందే తెలుసుకోవాలి. ట్రిబ్యునల్ గడువు పెట్టినా, ప్రభుత్వం అమలు చేయాలా, పై కోర్టుకి వెళ్ళాలా అని ఆలోచిస్తుంది. 2023 మార్చిలో పరశోత్తమ్ దాస్ తీర్పు వచ్చాక హైకోర్టులో రిట్ వేసే దారి వాళ్ళకీ మనకీ ఇద్దరికీ స్పష్టంగా తెరుచుకుంది. మా కేసులో అలా వెళ్ళలేదు. గడువు దాటాక అమలు కోసం పిటిషన్ వేయాల్సి వచ్చింది, ఆ తర్వాత కదిలింది. ప్రయాగ్‌రాజ్ పెన్షన్ ఆఫీసు నుంచి కొరిజెండం పీపీఓ (సవరించిన పెన్షన్ ఆర్డర్) పడింది, పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో కనిపించిన రోజు రాత్రి పదకొండింటికి స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఒకటే మెసేజి: "సాబ్, ఇందులో నిల్ లేదు."

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ళకి

ఓడిపోయిన కేసు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అన్నీ గెలుస్తామనుకుంటారు. సెలవులో ఇంటికొచ్చి బైకు మీద నుంచి పడి మోకాలు పోగొట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. సెలవు కూడా డ్యూటీ కిందే లెక్క కదా అని అతని వాదన. లెక్కే, కానీ ఆ పనికీ సైనిక సేవకీ ఏదో సంబంధం ఉండాలి. సొంత పని మీద తిరుగుతుంటే పడితే సంబంధం కుదరదు. 2011లో జుఝార్ సింగ్ కేసు అచ్చంగా ఇలాంటిదే, స్కూటర్ ప్రమాదం, జవాను ఓడిపోయాడు. ఈ కుర్రాడికి కేసు వేయొద్దనే చెప్పా. కోపంగా వెళ్ళిపోయాడు.

మీ రిలీజ్ బోర్డు ఇంకా కాకపోతే, పర్సనల్ స్టేట్‌మెంట్ ఖాళీ కాగితం మీద ముందే ఇంట్లో రాసుకోండి. తేదీ, చోటు, ఎత్తు, ఏం మోస్తున్నారు, ఎలా పడ్డారు, ఎవరు చూశారు, ఎవరు మందిచ్చారు. భాష గొప్పగా ఉండక్కర్లేదు. "2014 జనవరిలో పోస్టుకి కిరోసిన్ మోస్తూ మంచు మీద పడ్డాను, నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను, అప్పటి నుంచి నడుం నొప్పి, 2016లో చెకప్‌కి వెళ్ళాను" అని ఉంటే చాలు, ఇంగ్లిషు రాకపోతే ఎవరి చేతైనా రాయించుకుని మీరు ఫారంలో ఎక్కించండి. క్లర్కు బాబు నిల్ రాసేస్తే సంతకం పెట్టకండి, మర్యాదగానే చెప్పండి, "బాబూ, నాది నేను రాసుకుంటాను" అని. అరిచి గొడవ చేయకండి, అతనికీ ఎనిమిది ఫారాలుంటాయి. బోర్డు అయ్యాక నకలు తీసుకోకుండా యూనిట్ గేటు దాటొద్దు. దెబ్బ తగిలినప్పుడు ప్రమోషన్ భయంతో ఇంజురీ రిపోర్ట్ రాయించుకోకపోయినా, తర్వాత ఎప్పుడైనా డాక్టరు పూర్వ చరిత్ర అడిగితే మాత్రం దాచకండి. మన హవల్దారుని కాపాడింది ఆ ఒక్క జవాబే.

కేసు అయ్యాక నేను నా పాత డైరీలు తీశాను. హెడ్ క్లర్కుగా ఉన్నప్పుడు నెలనెలా పెన్షన్ వెళ్ళినవాళ్ళ పేర్లు, ఆర్మీ నంబర్లు రాసుకునే అలవాటుండేది. అందులో మెడికల్ కేటగిరీతో వెళ్ళినవాళ్ళు, నా గుర్తున్నంతలో నేనే నిల్ కొట్టినవాళ్ళు, పదకొండు మంది. వాళ్ళల్లో ముగ్గురి ఫోన్ నంబర్లు ఇప్పటికి దొరికాయి. ఒకాయనకి వినికిడి సమస్య, ఫోన్లో మాట్లాడితే వాళ్ళావిడే వినిపించుకుని ఆయనకి గట్టిగా చెబుతోంది. ఆయనకి 15 ఏళ్ళు నిండటానికి ఇంకా ఏడు నెలలుంది. ఆర్టీఐ దరఖాస్తు మొన్న సోమవారం స్పీడ్ పోస్టులో వేశాను.